వధువు చేతిలో కాగితపు పూలు: ఒక చేతిపని చరిత్ర

యూరప్, అమెరికా దేశాల పెళ్ళిళ్ళలో వధువు చేతపట్టుకొని నడిచే పూలచెండు, అంటే కాడలన్నింటినీ ఒకచోట కూర్చి రిబ్బనుతో చుట్టిన గుత్తి, పంతొమ్మిదో శతాబ్దంలో గాని నేటి రూపానికి చేరుకోలేదు. దానిలో తాజా పూలే ఉండాలన్న నియమం కూడా ఎన్నడూ గట్టిగా నిలవలేదు. ఋతువు కాని ఋతువులో పూలు దొరకకపోవడం వల్లనో, పెళ్ళినాటి గుర్తును వాడిపోకుండా దాచుకోవాలన్న కోరిక వల్లనో, చేసిన పూలు తాజా పూలకు తోడుగా వధువు తలపైకి, చేతిలోకి వస్తూనే ఉన్నాయి. ఆ చేసిన పూలలో పట్టు, నూలుగుడ్డ, మైనం ముందు స్థానాన్ని ఆక్రమించగా, కాగితం చాలాకాలం వాటి వెనకే ఉండి, యంత్రాలూ రసాయనశాస్త్రమూ తోడైన తరువాతనే స్వతంత్రమైన ద్రవ్యంగా నిలబడింది. ఈ చరిత్రను చదివేటప్పుడు పువ్వు ఎంత అందంగా ఉందన్న దానికంటే, అది ఎవరి చేతుల్లో తయారయిందన్న ప్రశ్న ముఖ్యమైనది. ఎందుకంటే ఈ పని జీతానికి జరిగిన కాలమంతటా పువ్వు చేసిన స్త్రీ ఒకరు, దానిని ధరించిన స్త్రీ మరొకరు. ఆ ఇద్దరి మధ్య ఉన్న దూరాన్ని పట్టే ఈ చేతిపని గౌరవం పొందడమో, ప్రాణాంతకం కావడమో జరిగింది.

కాగితంతో పువ్వును మలచడాన్ని ఒక విద్య స్థాయికి తెచ్చినవారిలో ముందుగా చెప్పుకోదగిన వ్యక్తి మేరీ డెలానీ. 1700లో ఇంగ్లండులో పుట్టిన ఈమెను, పదిహేడేళ్ళ వయసులో, పెద్దల ఒత్తిడితో అరవై ఏళ్ళకు చేరువైన అలెగ్జాండర్ పెండార్విస్‌కు ఇచ్చి 1718లో పెళ్ళి చేశారు. కొన్నేళ్ళకే ఆయన మరణించగా, చాలాకాలం ఒంటరిగా గడిపి, 1743లో పాట్రిక్ డెలానీ అనే ఐర్లండు మతాచార్యుణ్ణి తన ఇష్టప్రకారం పెళ్ళాడింది. ఆయన కూడా 1768లో కన్నుమూశాక, స్నేహితురాలైన పోర్ట్‌లండ్ డచెస్ ఇంట ఎక్కువ కాలం గడుపుతూ, 1772లో, తన డెబ్బై రెండో ఏట, ఒక ఎర్ర జెరేనియం రేకు రంగూ తన దగ్గరున్న కాగితం రంగూ అచ్చంగా కలవడం గమనించి, ఆ కాగితాన్ని కత్తెరతో రేకులుగా కోసి, నల్లరంగు పూసిన మరో కాగితం మీద అతికించింది. అక్కడ మొదలైన పని చూపు మందగించిన 1782 వరకు సాగింది. ఆ పదేళ్ళలో ఆమె చేసిన 985 పుష్పచిత్రాలు నేడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి.

డెలానీ చేసినవి చేత పట్టుకొనే పూలు కావు, కాగితం మీద పరచిన చిత్రాలు. అయినా ఈ చరిత్రలో ఆమెకు స్థానం ఇవ్వక తప్పదు. ఆమె ముందుగా నిజమైన మొక్కను ఎదురుగా పెట్టుకొని, దాని రేకులనూ కేసరాలనూ లెక్కించి, లిన్నేయస్ అనే స్వీడన్ శాస్త్రవేత్త రూపొందించిన వర్గీకరణకు సరిపోయేటంత కచ్చితంగా వాటిని కాగితంలో తిరిగి నిర్మించేది. కేసరాల సంఖ్యను బట్టి మొక్కల తరగతిని నిర్ణయించే పద్ధతి అది. ఒక్క పువ్వుకే వందలాది ముక్కలు, ఒకే రంగులో అనేక ఛాయలు వాడిన ఆ పనిని చూసిన వృక్షశాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్, తప్పు జరుగుతుందన్న భయం లేకుండా మొక్కను వర్ణించడానికి వీలైన అనుకరణలు ఇవేనని మెచ్చుకున్నాడు. కత్తెర పట్టుకొనే ముందు పువ్వును విడదీసి చూడాలన్న సూత్రం నేటి కాగితపు పూల కళాకారుల్లో చాలామందిదీ; నిజమైన పువ్వును రేకు రేకుగా ఊడదీసి, ప్రతి రేకు ఆకారాన్నీ అట్టముక్క మీద గీసుకోవడంతోనే వారి పని మొదలవుతుంది. డెలానీకి తీరిక ఉంది, ఆమె పనికి ధర కట్టినవారు లేరు. ఈ రెండు సౌకర్యాలూ తరువాతి శతాబ్దపు పూలపనివారికి దక్కలేదు.

డెలానీ కాలంలో కాగితమంటే చింకిగుడ్డల గుజ్జును జల్లెడ వంటి అచ్చులతో ఎత్తి, ఒక్కొక్క తావుగా చేతితో తయారుచేసిన ఖరీదైన వస్తువు. 1798లో ఫ్రాన్సులో లూయీ నికొలా రాబేర్ కాగితాన్ని ఎడతెగని పట్టీగా తీసే యంత్రాన్ని కనిపెట్టాడు. ఇంగ్లండులో ఫోర్డ్రినియర్ సోదరుల పెట్టుబడితో అది మెరుగుపడింది. 1844 ప్రాంతంలో జర్మనీకి చెందిన కెల్లర్ కలపను అరగదీసి గుజ్జు చేసే మార్గం చూపాడు. బ్రిటన్ 1861లో కాగితంపై సుంకాన్ని ఎత్తివేసింది. ఈ మార్పులన్నింటి ఫలితంగా టిష్యూ కాగితం, అంటే వెలుగు సోకితే అవతలి వస్తువు నీడ కనిపించేటంత పలుచని కాగితం, మధ్యతరగతి ఇళ్ళకు అందుబాటులోకి వచ్చింది. రంగుల విషయంలో మలుపు 1856లో వచ్చింది. పద్దెనిమిదేళ్ళ విలియం పెర్కిన్ మలేరియా మందు తయారీకి ప్రయత్నిస్తూ తారు నుంచి లభించే పదార్థంతో ఊదారంగును రాబట్టడంతో, ఆ దారిలోనే గులాబీ, ఎరుపు, ఆకుపచ్చ అద్దకాలు వరసగా పుట్టుకొచ్చాయి. గులాబీ రేకుకు కావలసిన లేత, ముదురు ఛాయలన్నీ దుకాణంలో తావుల లెక్కన దొరకడం అప్పటి నుంచే సాధ్యమయింది.

అదే కాలంలో పూలకు అర్థాలు చెప్పే పుస్తకాల మోజు కూడా పెరిగింది. 1819లో పారిస్‌లో షార్లెట్ ద లాతూర్ అన్న కలం పేరుతో వెలువడిన పుష్పభాషా గ్రంథం ఇతర భాషల్లోకి వ్యాపించి, పూలచెండులో ఏ పువ్వు ఎందుకు ఉండాలో నిర్ణయించే అలవాటును స్థిరపరచింది. ఫిలడెల్ఫియా నుంచి 1830లో మొదలైన గోడీస్ లేడీస్ బుక్ వంటి మహిళా పత్రికలు కాగితంతో, మైనంతో పూలు చేసే పద్ధతులను పాఠకురాళ్ళకు నేర్పాయి. అర్థం ప్రధానమైనప్పుడు పువ్వు ఏ తోటలో పూసిందన్నది వెనక్కి పోతుంది. కావలసిన పువ్వు ఆ నెలలో పూయకపోతే దానిని చేసి పెట్టుకోవడంలో తప్పు లేదన్న భావం బలపడుతుంది. చేసిన పూలు పెళ్ళిలోకి ఇంత సులువుగా ప్రవేశించడానికి ధర ఒక కారణమైతే, ఈ భావం అంతకంటే పెద్ద కారణమని చెప్పవచ్చు.

దీనికి మంచి ఉదాహరణ నారింజ పువ్వు. 1840 ఫిబ్రవరి 10న జరిగిన తన పెళ్ళిలో విక్టోరియా రాణి తలపై నారింజ పూల కిరీటం ధరించడంతో, అంతకు ముందే వాడుకలో ఉన్న ఆ అలంకారం వధువులందరి కోరికగా మారింది. కాని ఉత్తర యూరప్ చలిలో నారింజ చెట్టు అద్దాల గదుల్లో తప్ప బతకదు, కనుక సామాన్యుల పెళ్ళిళ్ళలో కనిపించినవి చాలావరకు చేసిన పూలే. సన్నని తీగ చివర దూది, గుడ్డ, కాగితం వంటి వాటితో మొగ్గ కట్టి, కరిగిన మైనంలో ముంచి తీసేవారు. ఫ్రాన్సులో ఇటువంటి కిరీటాన్ని పెళ్ళయిన తరువాత మెత్తని దిండు మీద ఉంచి, చుట్టూ బంగారు పూత రేకులూ చిన్న అద్దాలూ అమర్చి, గాజు బుడ్డి కింద ఇంట్లో జీవితాంతం నిలుపుకొనే ఆచారం ఉండేది. పంతొమ్మిదో శతాబ్దపు గ్రామీణ కుటుంబాల నుంచి అటువంటి గాజు బుడ్డీలు ఇప్పటికీ పాత వస్తువుల అంగళ్ళకు వస్తూనే ఉన్నాయి.

ఈ గిరాకీని తీర్చిన పనివాళ్ళ కథ చాలా బాధాకరమైనది, దానిని దాటవేసి అలంకార చరిత్ర రాయడం సరికాదు. పారిస్‌లోనూ లండన్‌లోనూ కృత్రిమ పుష్పాల కర్మాగారాలు వేలాదిమంది స్త్రీలకు, బాలికలకు పని ఇచ్చాయి. ఒకరు ఉక్కు అచ్చుతో రేకులు కొట్టడం, ఒకరు వేడి ఇనుప గుండుతో రేకుకు గుంట తేవడం, ఒకరు తీగకు కట్టడం, ఒకరు ఆకులకు రంగు అద్దడం, ఇలా పని ముక్కలుగా విడిపోయి ఉండేది. ఆ ఆకుల పచ్చదనం ఆర్సెనిక్ నుంచి వచ్చింది. 1775లో షీలే కనుగొన్న పచ్చరంగు, 1814 నుంచి ప్రచారంలోకి వచ్చిన మరకతపచ్చ, రెండూ రాగి, ఆర్సెనిక్ కలిసిన విషాలే. పొడిగా చల్లినప్పుడు అవి గోళ్ళ కిందా, ఊపిరిలోనూ, తిండిలోనూ చేరేవి. ఫ్రెంచి వైద్యుడు మాక్సిమ్ వెర్నువా 1859లో పూలపనివారి చేతులపై పడే పుండ్లను వర్ణిస్తూ పరిశోధన ప్రకటించాడు. లండన్‌లో ఆకులపై పచ్చపొడి చల్లే పని చేసే పంతొమ్మిదేళ్ళ మటిల్డా షూరర్ 1861 నవంబరు 20న మరణించింది. ఆమె వాంతులు ఆకుపచ్చగా మారాయనీ, కంటి తెల్లగుడ్లు కూడా పచ్చబడ్డాయనీ అప్పటి విచారణ నమోదు చేసింది. స్త్రీల ఆరోగ్యం కోసం పనిచేసే సంఘం ఒకటి కోరగా, రసాయనశాస్త్రవేత్త ఆగస్ట్ విల్‌హెల్మ్ హాఫ్‌మన్ ఇటువంటి ఆకులను పరీక్షించి, ఒక స్త్రీ తలపై ధరించే అలంకారంలోని ఆర్సెనిక్ 20 మందికి విషమెక్కించడానికి చాలునని 1862 ఫిబ్రవరిలో టైమ్స్ పత్రిక ద్వారా లోకానికి తెలిపాడు. పెళ్ళిలో, నాట్యసభలో తలపై మెరిసే ఆకు, దానికి రంగు అద్దిన పిల్ల ఊపిరితిత్తుల నుంచి వచ్చిందని చదువరులకు తెలిసింది అప్పుడే. పైన చెప్పిన పెర్కిన్ పరిశోధనకు మూలమైన బొగ్గు తారు రసాయనశాస్త్రాన్ని లండన్‌లో అతనికి నేర్పిన గురువు ఈ హాఫ్‌మనే. ఈ వృత్తికి రంగులిచ్చిన విద్యా, దాని విషాన్ని బయటపెట్టిన విద్యా ఒకే ప్రయోగశాలలో పెరిగాయి.

విషం తగ్గినా వేతనం మారలేదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలో ఈ వ్యాపారానికి కేంద్రం న్యూయార్క్. అక్కడ కర్మాగారాలు కోసిన రేకులనూ తీగలనూ ఇటలీ నుంచి వలస వచ్చిన కుటుంబాల ఇరుకు గదులకు పంపి, గ్రోసుకు, అంటే 144 పూలకు, ఇంత అని లెక్కగట్టి చెల్లించేవి. బాలకార్మికుల సమస్యపై పనిచేస్తున్న జాతీయ కమిటీ కోసం లూయిస్ హైన్ 1908 తరువాతి సంవత్సరాలలో తీసిన ఛాయాచిత్రాల్లో తల్లి, అమ్మమ్మ, బడికి వెళ్ళవలసిన వయసు పిల్లలు ఒకే బల్ల చుట్టూ కూర్చొని పూలు కడుతూ కనిపిస్తారు. మేరీ వాన్ క్లీక్ రస్సెల్ సేజ్ ఫౌండేషన్ తరఫున 1913లో ప్రచురించిన గ్రంథం పూర్తిగా ఈ పనివారి గురించినదే. వీరి చేతుల్లో ఉన్నది ఎక్కువగా గుడ్డపూలే అయినా, అంచెలుగా విడిపోయిన ఆ పని పద్ధతీ, ఇంటి బల్ల మీద సాగే ఆ శ్రమా కాగితపు పూలకూ వర్తించాయి.

కాగితాన్ని గుడ్డతో సమానంగా నిలబెట్టినది క్రేప్ కాగితం, అంటే ఒంటినిండా సన్నని ముడతలతో, లాగితే సాగే కాగితం. దీని తయారీలో రహస్యం ఏమంటే, తడి కాగితాన్ని పెద్ద స్తంభాకారపు దిమ్మెకు అంటించి, అది ఆరుతుండగా పదునైన బద్దతో గీకి తీస్తారు. బద్ద దగ్గర కాగితం కుదించుకుపోయి ముడతలు పడుతుంది. మామూలు టిష్యూను ఎంత నేర్పుతో మడిచినా అది చదునైన తలంగానే ఉంటుంది కాని, క్రేప్‌ను రెండు బొటనవేళ్ళ మధ్య పట్టి మెల్లగా విడదీస్తే మధ్యభాగం సాగి, అంచు అలాగే ఉండి, రేకు దొప్పలా గుంట పడుతుంది. గులాబీకీ, పియొనీ అనే పువ్వుకీ ప్రాణమైన ఆ గుండ్రదనాన్ని వేడి ఇనుప గుండు అవసరం లేకుండా, ఏ పనిముట్టూ లేని ఇల్లాలికి అందించింది ఈ ముడతే. 1844లో నగల పెట్టెలు చేసే చిన్న వ్యాపారంగా మొదలైన డెనిసన్ సంస్థ, 1890ల నుంచి క్రేప్ కాగితాన్ని అమ్ముతూ, దానితో పాటు పూలు చేసే విధానాన్ని బొమ్మలతో వివరించే చిన్న పుస్తకాలను దశాబ్దాల పాటు ప్రచురించింది. పెళ్ళి విందులకు గదులు అలంకరించడం, బల్లలపై గుత్తులు అమర్చడం ఆ పుస్తకాలలో తరచుగా కనిపించే విషయాలు. వ్యాపారం తన సరుకు అమ్ముకోవడానికే ఈ పుస్తకాలు వేసినా, ఫలితం మాత్రం గొప్పది. కర్మాగారం ముక్కలు చేసిన పని మొదటి నుంచి చివరి వరకు ఒకే మనిషి చేతికి తిరిగి వచ్చింది, ఆ మనిషే తన కోసం, తన చెల్లెలి పెళ్ళి కోసం పువ్వు చేసుకోగలిగింది.

తెలుగునాట వధువు చేతికి పూలచెండు ఇచ్చే సంప్రదాయం లేదు. ఇక్కడ పెళ్ళిపూలు దండలుగా, పూలజడగా, పందిరి తోరణాలుగా కనిపిస్తాయి. చెండు, ఇప్పటి వాడుకలో బొకే, రిసెప్షన్ వేదికల మీదికి అతిథుల చేతుల్లో ఈమధ్యనే వచ్చింది. అయితే చేసిన పువ్వును శుభకార్యంలో ముఖ్యస్థానాన నిలపడం తెలుగువారికి కొత్త కాదు. వధూవరుల నుదుట కట్టే బాసికాన్ని సంప్రదాయంగా జీలుగు బెండుతో చేసేవారు. ఇది పచ్చిరొట్ట ఎరువుగా పొలాల్లో చల్లే జీలుగ కాదు, చెరువుల్లో, నీరు నిలిచే పల్లాల్లో పెరిగే నీటి జీలుగు. దాని కాండం పై తొక్క తీస్తే లోపల తెల్లగా, మెత్తగా, నీటిపై తేలేటంత తేలికగా ఉండే బెండు ఉంటుంది. దీన్నే బెంగాల్‌లో శోలా అంటారు. వరుడు ధరించే టోపర్ అనే శిఖరాకారపు కిరీటాన్నీ, వధువు ముకుటాన్నీ మాలాకారులు దానితోనే చేస్తారు. కాండాన్ని తిప్పుతూ పొడవాటి కత్తితో పలుచగా చెక్కితే బెండు తావులా విప్పుకుంటుంది. ఆ తావును కోసి, చుట్టి, కట్టి మల్లెలూ కదంబాలూ చేస్తారు. చైనాలో, తైవాన్‌లో టెట్రాపానాక్స్ అనే మరో మొక్క బెండును ఇదే విధంగా చెక్కి, తలలో తురుముకొనే పూలు చేసేవారు. పాశ్చాత్యులు ఆ తావులను బియ్యపు కాగితమని పిలవడం వల్ల అది బియ్యంతో చేసినదన్న భ్రమ చాలాకాలం కొనసాగింది. లండన్‌లోని క్యూ ఉద్యానానికి చెందిన హుకర్ 1852లో ఆ మొక్కను శాస్త్రీయంగా వర్ణించి ఆ భ్రమను తొలగించాడు. బెండు పని, కాగితపు పని రెండింటిలోనూ తెల్లని పలుచని తావే ముడిసరుకు, కత్తీ వేళ్ళూ మాత్రమే పనిముట్లు. తేడా ఒక్కటే: బాసికం చేసినవారు ఆ ఊరి పెళ్ళి వ్యవస్థలో అందరికీ తెలిసిన మనుషులు, న్యూయార్క్ గదిలో పువ్వు కట్టిన తల్లి పేరు ఆ పువ్వు కొన్నవారికి ఎన్నడూ తెలియదు.

అన్ని దేశాలూ కాగితపు పువ్వును శుభంగా భావించవు. చైనాలో తెల్ల కాగితపు పువ్వు సంతాపానికి గుర్తు. 1976లో ఆ దేశ ప్రధాని చౌ ఎన్‌లై మరణించినప్పుడు, ఆ వసంతంలో బీజింగ్ తియానన్మెన్ కూడలికి వచ్చిన ప్రజలు అటువంటి పూలనే తెచ్చి అర్పించారు. ఇంగ్లీషు, అమెరికన్ ఆచారంలో మొదటి పెళ్ళిరోజుకు ఇవ్వదగిన కానుక కాగితంతో చేసినదై ఉండాలన్న సంప్రదాయం ఉంది కనుక, ఆ సమాజాలలో కాగితపు చెండుకు అశుభ భావన అడ్డు రాలేదు.

ప్లాస్టిక్, పాలిస్టర్ పూలు ఇరవయ్యో శతాబ్దం రెండో భాగంలో బజారును నింపిన తరువాత కాగితపు పూలు బడిపిల్లల చేతిపనిగా మిగిలిపోయాయి. 2010 తరువాత వచ్చిన పునరుద్ధరణలో పుస్తకాల పాత్ర పెద్దది. లివియా చెట్టి 2014లో, టిఫనీ టర్నర్ 2017లో ప్రచురించిన గ్రంథాలు కాగితపు పువ్వును మళ్ళీ వృక్షశాస్త్రపు కచ్చితత్వం వైపు నడిపించాయి. ఇటలీలో తయారయ్యే 180 గ్రాముల రకం మందపాటి క్రేప్, జర్మనీలో రెండు పొరలు అతికించి చేసే క్రేప్ ఇప్పుడు ఈ పనికి ప్రధానమైన సరుకు.

పెళ్ళిచెండుకు గులాబీ చేసే క్రమాన్ని చూస్తే పై చరిత్ర అంతా అందులో కలిసి ఉన్నట్టు తెలుస్తుంది. క్రేప్ ముడతలు రేకు మొదలు నుంచి కొన వైపు నిలువుగా ఉండేటట్టు కోయాలి, అడ్డంగా కోస్తే రేకు గుంట పడదు. తీగ చివర చిన్న ఉండ కట్టి, లోపలి రేకులను దానికి బిగుతుగా చుట్టి, బయటి వరసలను ఒక రేకు మీద ఇంకో రేకు మూడోవంతు ఎక్కేటట్టు జిగురుతో అంటిస్తారు. బయటి రేకుల అంచులను సన్నని పుల్ల మీద వెనక్కి చుట్టి వదిలితే అవి విచ్చుకున్నట్టు వంగుతాయి. కేసరాలకు పసుపుపచ్చ క్రేప్ పట్టీని కత్తెరతో దగ్గర దగ్గరగా చీల్చి పురి తిప్పుతారు. పువ్వు అడుగున ఐదు ఆకుపచ్చ రక్షకపత్రాలు పెట్టి, కాడ పొడవునా కాగితపు పట్టీ చుట్టడంతో ఒక పువ్వు పూర్తవుతుంది. ఇలా చేసిన పూలను చెండుగా కట్టేటప్పుడు కాడలను ఒకే దిశలో ఏటవాలుగా పేర్చాలి. తీగ కాడలు బరువు కనుక పెద్ద పూలను మధ్యలో కాక కొంచెం కిందికి ఉంచి, పైన మొగ్గలూ ఆకులూ అమర్చినప్పుడే చెండు చేతిలో ముందుకు ఒరగకుండా నిలుస్తుంది. ఎండ తగిలితే అద్దకం రంగు వెలుస్తుంది, తేమ తగిలితే ముడత విప్పుకొని రేకు జారుతుంది. అందువల్ల సముద్రపు ఒడ్డున, వర్షాకాలంలో జరిగే పెళ్ళిళ్ళకు ఈ చెండును ఆఖరి గంట వరకు పెట్టెలోనే ఉంచుతారు.

మంచి పియొనీ ఒకటి చేయడానికి అలవాటైన చేతులకు కూడా గంటకు తక్కువ కాని సమయం పడుతుంది. పూర్తి చెండుకు ఇరవై పూలు కావాలంటే అది కొన్ని రోజుల శ్రమ. ఆ రోజులకు తగిన కూలి కడితే ధర తాజా పూలచెండును దాటిపోతుంది, కట్టకపోతే పాత గ్రోసు లెక్క తిరిగి వస్తుంది. నేడు దీనిని జీవనోపాధిగా చేసుకున్న కళాకారులు చాలామంది ఒక్కో కాడకు ధర ప్రకటించి, తమ పేరుతో అమ్ముతున్నారు. ఆ ధర ఇవ్వలేని వధువులు పెళ్ళికి నెలల ముందు నుంచి అక్కచెల్లెళ్ళతో, స్నేహితురాళ్ళతో కూర్చొని తమ పూలు తామే చేసుకుంటున్నారు.